అన్యలింగ సిద్ధులు: పరమతములందలి సత్పురుషులను గూర్చి మన శాస్త్రములు చెప్పునది



మన ఇండ్లలో పిల్లలు పెద్దలను అడుగు ప్రశ్న యొకటి కలదు. "ప్రక్కింటి వారు అబద్ధమాడరు. జీవహింస చేయరు. ఆకలియన్నవానికి అన్నము పెట్టుదురు. కాని వారు జైనులు కారు గదా, వారికి మోక్షము లేదా?" అని. కొందరు పెద్దలు "లేదు" అని ఒక్క మాటతో త్రోసివేయుదురు. మరికొందరు "అన్ని మతములును ఒక్కటే, ఎవరికైనను వచ్చును" అని అంతకంటె తేలికగా తేల్చివేయుదురు. ఈ రెండును మన ఆచార్యులు చెప్పిన సమాధానములు కావు. వారు ఈ విషయమును బంగారమును గీటురాయిపై గీచి చూచినట్లు చూచి, తూచి చెప్పినారు. ఆ చెప్పినదేమో సులభమైన మాటలలో వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఇది పుస్తకములకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. మన పావగడ ప్రాంతములో మన సంఖ్య కొద్ది. మనకు వేరుశనగ, చింతపండు తెచ్చు రైతులు, మన అంగడికి వచ్చు ఖాతాదారులు, మన పిల్లలకు చదువు చెప్పు ఉపాధ్యాయులు, రాత్రివేళ జబ్బుచేసిన పరుగెత్తివచ్చు వైద్యులు - దాదాపు అందరును పరమతస్థులే. వారిని మనము మనస్సులో ఏ దృష్టితో చూడవలెనో తెలియనిచో మన నిత్యజీవనమే తప్పుదారి పట్టును.

లింగమనగా నేమి?

ఇచ్చట లింగమనగా గుర్తు, వేషము అని అర్థము. రజోహరణము మొదలైన జైనసాధువు గుర్తులు ధరించుట స్వలింగము. తాపసులు, పరివ్రాజకులు మొదలైన ఇతర మార్గములవారి వేషము అన్యలింగము. గృహస్థుని వేషము గృహిలింగము.

శ్వేతాంబర ఆగమములైన ప్రజ్ఞాపనా సూత్రము, నందీ సూత్రము సిద్ధులను పదునైదు విధములుగా విభజించినవి. సిద్ధస్థితిలో భేదమేమియు లేదు. అచ్చటికి చేరిన జీవులందరును సమానులే. ఈ పదునైదు భేదములు వారు చేరుటకు ముందు ఏ స్థితిలో నుండిరో చెప్పునవి. తీర్థంకరుడై సిద్ధుడైనవాడు, తీర్థంకరుడు కాకయే సిద్ధుడైనవాడు, పరుల బోధవలన మేల్కొన్నవాడు, తనంత తానే మేల్కొన్నవాడు - ఇట్లు చెప్పుచు, స్వలింగ సిద్ధులు, అన్యలింగ సిద్ధులు, గృహిలింగ సిద్ధులు అని మూడు విధములను చేర్చినారు. అనగా పరమతవేషములో నుండగనే కర్మలను పూర్తిగా క్షయముచేసి ముక్తిని పొందినవారు కలరని సూత్రమే ఒప్పుకొన్నది. తీర్థము స్థాపింపబడక మునుపే ముక్తి పొందినవారిని అతీర్థ సిద్ధులు అన్నారు. ఋషభదేవుని తల్లి మరుదేవి ఇందుకు ఉదాహరణము. ఆమె దీక్ష పుచ్చుకొనలేదు. ఏనుగుమీద కూర్చుండియే కేవలజ్ఞానమును పొందినదని కథ.

వల్కలచీరి

అన్యలింగ సిద్ధునికి నవతత్త్వ ప్రకరణము చూపు ఉదాహరణము వల్కలచీరి. పోతనపురమునకు రాజైన సోమచంద్రుడు రాజ్యమును పెద్దకుమారుడగు ప్రసన్నచంద్రునకు అప్పగించి, భార్యతో అడవికి పోయి తాపసుడాయెను. అచ్చట పుట్టిన బాలునికి నారబట్టలే బట్టలైనందున వల్కలచీరి యని పేరు వచ్చెను. ఆ బాలునికి అడవి తప్ప లోకము తెలియదు. అన్న అతనిని ఉపాయముగా నగరమునకు రప్పించుకొనెను. ఏండ్లు గడచిన పిమ్మట తండ్రిని చూడగోరి అతడు తిరిగి ఆశ్రమమునకు పోయెను. అచ్చట తాను చిన్ననాట వాడిన తాపసపాత్రలు దుమ్ముపట్టి యుండెను. జీవులకు బాధ కలుగకుండ వానిని మెల్లగా తుడుచుచుండగా "ఈ పని నేను ఇదివరలో ఎప్పుడో చేసితినే" అని తోచి, పూర్వజన్మలో తాను సాధువుగా నుండి పాత్రలను ప్రతిలేఖనము చేసిన సంగతి జ్ఞప్తికి వచ్చెను. భావము శుద్ధమగుచు పోగా అచ్చటనే, ఆ తాపసాశ్రమములోనే, కేవలజ్ఞానము కలిగెను.

ఇందు గమనింపదగినవి రెండు. అతనికి జ్ఞానము కలిగినప్పుడు చుట్టునున్నది జైన ఉపాశ్రయము కాదు. అయినను జ్ఞానము కలుగుటకు కారణము తాపసవేషము కూడ కాదు. జీవదయతో చేసిన పనియు, దానివలన మేల్కొన్న సమ్యక్ దృష్టియు కారణము. వేషము అడ్డుపడలేదు, వేషము సాయపడలేదు. ఈ సూక్ష్మము మరువరాదు.

అంబడుని శిష్యులు ఏడువందలమంది

ఔపపాతిక సూత్రములోని ఈ కథను వర్తకుల ఇండ్లలో తప్పక చెప్పుకొనవలెను. అంబడుడను పరివ్రాజకుడు మహావీరస్వామియందు భక్తిగలవాడై, శ్రావకవ్రతములను ఆచరించుచునే తన పరివ్రాజకవేషమును విడువలేదు. ఆయన శిష్యులు ఏడువందలమంది. వారు జ్యేష్ఠమాసపు ఎండలో కాంపిల్యపురమునుండి పురిమతాలమునకు గంగ గట్టు వెంబడి నడచిపోవుచుండగా అడవిలో వెంట తెచ్చుకొన్న నీరు అయిపోయెను. వారి నియమ మేమనగా, ఎవరైనను ఇచ్చిన నీటినే గాని ఇయ్యని నీటిని పుచ్చుకొనరాదు. నలుదిక్కుల వెదకిరి. ఇచ్చువాడొక్కడును కనబడలేదు. ప్రక్కన గంగ పారుచునే యున్నది!

ఆపద వచ్చినది గనుక ఈ ఒక్కసారికి త్రాగుదమని వారు అనుకొనలేదు. త్రిదండములను, కమండలువులను విడిచి, గంగ ఇసుకమీద పడకలు చేసికొని, అర్హంతులకును, మహావీరునకును, తమ గురువైన అంబడునకును నమస్కరించి, ఆహారమును త్యజించి, సమాధిమరణము పొందిరి. వారందరును బ్రహ్మలోకమున దేవతలైరని సూత్రము చెప్పుచున్నది.

ఎవరిదియు కాని గంగనీటినైనను ఇయ్యనిదే ముట్టనివారి కథ ఇది. ఒక తులము తక్కువ తూచిన ఎవరికి తెలియునని యెంచువాడు ఈ కథ విన్న తరువాత తన త్రాసువంక ఒకసారి చూచుకొనవలెను.

తామలి తాపసుడు

మూడవ ఉదాహరణము భగవతీ సూత్రము మూడవ శతకములోనిది. తామలి తామ్రలిప్తి నగరములో ధనవంతుడైన గృహస్థు. "ఇప్పటి సంపద వెనుకటి పుణ్యముయొక్క ఫలము, ఇది తరుగక మునుపే మేల్కొనవలెను" అని తలచి, ఇంటి భారమును పెద్దకుమారునకు ఒప్పగించి, కొయ్యపాత్ర చేతబట్టి ప్రాణామ ప్రవ్రజ్య అను దీక్ష తీసికొనెను. ఆ దీక్షలో కంటబడిన ప్రతిదానికి, ఇంద్రుడైనను, రుద్రుడైనను, రాజైనను, చండాలుడైనను, కాకియైనను, కుక్కయైనను, మ్రొక్కవలెను. రెండేసి దినములు ఉపవాసముండి, భిక్షగా వచ్చిన వట్టి అన్నమును ఇరువదియొక్క మారు నీట కడిగి తినెడివాడు.

ఇది జైనదీక్ష కాదు. సూత్రము దీనిని బాలతపస్సు, అనగా జ్ఞానము పండని తపస్సు అన్నది. అయినను దానిని వృథా యనలేదు. చివరి ఉపవాసములో అసురులు వచ్చి "మాకు ఇంద్రుడవు కమ్మ"ని ఎంత వేడినను ఆయన ఆశపడలేదు. ఆ నిష్కామతవలన రెండవ దేవలోకమునకు ఈశానేంద్రుడాయెను. మున్ముందు మహావిదేహ క్షేత్రమున జన్మించి సిద్ధుడగునని కూడ సూత్రము చెప్పినది.

ఈ మూడు కథలను ఒక వరుసన పెట్టి చూడుడు. వల్కలచీరికి ఆ జన్మలోనే మోక్షము. అంబడుని శిష్యులకు బ్రహ్మలోకము. తామలికి ఇంద్రపదవియు, పిమ్మట మోక్షమును. ఎవరి పద్దు ఎంతయో అంత జమ వేయబడినది. పద్దు ఎవరి పేర నున్నదను కారణముచేత జమ కొట్టివేయబడలేదు. పేరు మంచిదని లేని జమ వ్రాయబడలేదు.

నలుబదియైదుగురు ఋషులు

ఋషిభాషితములు అను ప్రాచీన ప్రాకృత గ్రంథమును మనవారిలో చదివినవారు తక్కువ. ఇందు నలుబదియైదు అధ్యాయములు. ఒక్కొక్క అధ్యాయము ఒక్కొక్క ఋషి ఉపదేశము. పార్శ్వుడు, వర్ధమానుడు ఇందున్నారు. వారితోపాటు నారదుడు, అసిత దేవలుడు, అంగిరస భరద్వాజుడు, యాజ్ఞవల్క్యుడు, ఉద్దాలకుడు, ద్వైపాయనుడు ఉన్నారు. బౌద్ధులైన మహాకాశ్యపుడు, సారిపుత్రుడు ఉన్నారు. మన వల్కలచీరియు, అంబడుడు కూడ ఉన్నారు. అందరికంటె ఆశ్చర్యము, మహావీరస్వామికి విరోధియై నిలిచినట్లు భగవతీ సూత్రము వర్ణించిన మంఖలిపుత్ర గోశాలుడు ఇందు తన అధ్యాయముతో కూర్చుండియున్నాడు. వీరందరిని గ్రంథము ఒకే గౌరవముతో అర్హత్ ఋషులని పిలిచినది. జర్మనీ పండితుడు వాల్టర్ షూబ్రింగ్ దీనిని 1942లో ప్రకటించెను. జైపూరులోని ప్రాకృత భారతి సంస్థవారు 1988లో వెలువరించినారు. విరోధి నోట వచ్చినను మంచిమాట మంచిమాటయే యని దాచియుంచిన పూర్వులు మనవారు.

ఎంతవరకు? ఎచ్చట ఆగవలెను?

ఇంత చెప్పినంతమాత్రమున ఏ దారియైనను ఒక్కటే యని అర్థము కాదు. మోక్షమునకు సమ్యగ్దర్శన జ్ఞాన చారిత్రములు మూడును కావలెను. ఇందులో తగ్గింపు బేరము లేదు. రాగద్వేషములు పోనిదే స్వలింగియైనను ముక్తుడు కాడు. పోయినచో అన్యలింగియైనను ఆగడు. ఇదియే శ్వేతాంబర ఆచార్యుల నిర్ణయము.

దిగంబర ఆచార్యులు అన్యలింగముతో ముక్తిని ఒప్పుకొనరు. చివరకు నిర్గ్రంథరూపము తప్పనిసరి యందురు. ఈ భేదమును దాచనక్కరలేదు. కాని వారును సమ్యగ్దర్శనమునకు కులము, జన్మము అడ్డని చెప్పలేదు. సమంతభద్రాచార్యుడు రత్నకరండ శ్రావకాచారములో, సమ్యగ్దర్శనముగల చండాలుడు దేవతుల్యుడనియు, మోహములేని గృహస్థు మోహముగల మునికంటె మేలనియు నిర్ణయించినాడు. అహింసావ్రతమునకు ఆయన పేర్కొన్న ఆదర్శపురుషుడు ఒక మాతంగుడు. చతుర్దశినాడు ప్రాణము తీయనని మాట యిచ్చి, రాజు ఆజ్ఞాపించినను తలారి పనిచేయని యమపాలుడే అతడు. ద్వారము ఏదన్న విషయములో రెండు శాఖలకు భేదము. వెలుగును గౌరవింపవలెనన్న విషయములో భేదము లేదు.

హరిభద్రసూరి యోగదృష్టి సముచ్చయములో దీనిని మెట్లుగా చూపినాడు. జీవుని దృష్టి ఎనిమిది విధములు: మిత్ర, తార, బల, దీప్ర, స్థిర, కాంత, ప్రభ, పర. వాని కాంతి వరుసగా గడ్డిమంట, పిడకనిప్పు, కట్టెనిప్పు, దీపము, రత్నము, నక్షత్రము, సూర్యుడు, చంద్రుడు వంటిది. మొదటి నాలుగు సమ్యక్త్వము ఇంకను కలుగనివారికి కూడ కలుగును. గడ్డిమంట క్షణములో ఆరును, నిజమే. కాని అదియు వెలుగే గదా! దానిని చీకటి యనువాడు కన్నులు లేనివాడు. దానిని సూర్యుడనువాడు కన్నులుండియు చూడనివాడు.

ఇతరులు ఈ ప్రశ్నను ఎట్లు చూచిరి?

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. ఇటలీ మహాకవి దాంతే (1265-1321) తన డివైన్ కామెడీ కావ్యములో, క్రీస్తుకు పూర్వమున్న హోమరు, సోక్రటీసు, ప్లేటో, తన మార్గదర్శియైన వర్జిల్, అట్లే ముస్లిము సుల్తాను సలాదీను మొదలైన మహానుభావులను నరకపు మొదటి వలయములో నుంచెను. అచ్చట వారికి బాధ లేదు, ఆశయు లేదు. కాని కవి మనస్సు అంతటితో ఊరడిల్లలేదు. స్వర్గఖండములో ఆయన మన సింధునది ఒడ్డున పుట్టిన ఒక మనుష్యుని తలచుకొనెను. క్రీస్తును గూర్చి చెప్పువాడు అచ్చట లేడు. అతని నడతలో దోషము లేదు. అతనికి శిక్ష వేయుట ఏమి న్యాయము? ఈ ప్రశ్నకు కావ్యములో సూటి జవాబు రాలేదు. దేవుని న్యాయము మానవునికి అందదనియు, క్రీస్తు పేరును ఎలుగెత్తి పలుకువారిలో అనేకులు తీర్పునాడు ఆ పేరెరుగనివారికంటె దూరమున నుందురనియు మాత్రము వచ్చెను. రోమను కథోలిక సంఘము 1964లో రెండవ వాటికన్ మహాసభలో, తమ తప్పులేకుండ క్రీస్తును ఎరుగక, చిత్తశుద్ధితో దేవుని వెదకువారును రక్షణ పొందగలరని ప్రకటించినది.

మన దేశములో మహాభారతము శాంతిపర్వములోని తులాధారుని కథ యందరెరిగినదే. జడలలో పక్షులు గూడు కట్టువరకు కదలక తపస్సుచేసిన జాజలి "నావంటి ధర్మపరుడు ఎవడు?" అని గర్వింపగా, వారణాసిలోని ఒక వర్తకుడు నీకంటె మేలని ఆకాశవాణి పలికెను. ఆ తులాధారుడు మద్యము తప్ప తక్కిన సుగంధద్రవ్యములు మొదలైన సరకులు మోసములేక అమ్ముకొనువాడు. తన త్రాసు సర్వప్రాణులయెడ సమానముగా నిలుచుటయే తన ధర్మమని అతడు బ్రాహ్మణునకు బోధించెను. మన శాస్త్రములోని పురుషుడు కాకపోయినను, అహింసను త్రాసుతో ముడిపెట్టిన ఈ తులాధారుని మన వర్తకులు పరాయివాడు అనగలరా?

మన ప్రాంతపు శాసనసాక్ష్యము

మన చుట్టుప్రక్కల నేలయే ఈ విషయమునకు సాక్షి. మన తాలూకాలోని నిడుగల్లు కొండమీద ఇరుంగోళుని పాలనలో 1232లో గంగేయన మారెయ పార్శ్వనాథ బసదిని కట్టించెను. మనకు పడమటనున్న అమరాపురము శాసనము, 1278లో మల్లిసెట్టి అను వర్తకుడు తైలంగెరె బ్రహ్మజినాలయమునకు రెండువేల పోకచెట్లు దానమిచ్చినట్లు చెప్పును.

తరువాత కాలమున కష్టములు వచ్చెను. జైనులకును శ్రీవైష్ణవులకును తగవులు పెరిగెను. ఆనెగొంది, హొసపట్టణము, పెనుగొండ, కల్లెహ మొదలైన చోట్ల జైనులు విజయనగర ప్రభువు బుక్కరాయలకు తమకు జరిగిన అన్యాయమును మొరపెట్టుకొనిరి. ఈ పెనుగొండ మనకు తూర్పుననున్న పెనుకొండయే. నేడును అచ్చట పార్శ్వనాథ బసది కలదు. 1368లో బుక్కరాయలు శ్రీరంగము, తిరుమల, కంచి, మేలుకోట ఆచార్యులతో సహా వైష్ణవ ప్రముఖులను రప్పించి, జైనుల చేతిని వైష్ణవుల చేతిలో పెట్టి, ఈ రెండు దర్శనములకు భేదము లేదని తీర్పు చెప్పెను. పంచమహావాద్యములు, కలశము జైనులకు పూర్వమువలె చెల్లవలెను. జైనదర్శనమునకు కీడు జరిగిన వైష్ణవులు తమ కీడుగ నెంచవలెను. జైనులు ఇంటికి ఏటా ఒక హణము ఇయ్యగా, తిరుమల తాతయ్య ఆ ధనముతో శ్రవణబెళగొళ దేవునికి ఇరువదిమంది కావలివారిని నియమించి, మిగిలినదానితో శిథిలమైన బసదులకు సున్నము కొట్టించి బాగుచేయింపవలెను. ఈ శాసనము శ్రవణబెళగొళలోని భండారి బసదిలో నేటికిని చూడవచ్చును.

ఆ రాజు జైనుడు కాడు. ఆ తాతయ్య జైనుడు కాడు. కాని గోమటేశ్వరుని కావలి వారిచేతికి వచ్చినది. రక్షించిన చేతులను "మిథ్యాదృష్టి" యని తీసివేయువాడు తన ఆలయచరిత్రనే మరచినవాడు.

వర్తకులకు పాఠము

హేమచంద్రాచార్యుడు యోగశాస్త్రములో గృహస్థధర్మమునకు పాత్రుడగువానికి ముప్పదియైదు గుణములు చెప్పినాడు. వీనిని మార్గానుసారి గుణములందురు. అనగా సమ్యక్త్వము ఇంకను కలుగకపోయినను, దారివైపు ముఖము త్రిప్పినవాని గుణములు. తల్లిదండ్రులను పూజించుట, పాపమునకు భయపడుట, పరనింద చేయకుండుట, ఆదాయమునకు తగిన వ్యయము చేయుట మొదలైనవి ఇందున్నవి. అన్నిటికంటె మొదట ఆయన పెట్టినదేది? పూజ కాదు, ఉపవాసము కాదు. న్యాయముగా ఆర్జించిన ధనము!

ఆలోచింపుడు. సరియైన తూకముతో, కల్తీలేని సరకుతో, ఇచ్చిన మాటకు నిలబడి వ్యాపారము చేయు పరమతస్థుడు ఈ మొదటి మెట్టుమీద నున్నాడు. ఉదయము దేరాసరములో పూజచేసి, పదిగంటలకు పడికట్టు రాళ్ళు మార్చువాడు జైనకులములో పుట్టినను మెట్టు క్రిందనే యున్నాడు. పుట్టుక మనకు దొరికిన పెట్టుబడి మాత్రమే, లాభము కాదు. పెట్టుబడి లేని ఎదుటివాడు కష్టపడి లాభము తీయుచుండగా, తండ్రితాతల పెట్టుబడిని తినికూర్చున్నవాడు గర్వపడుట ఏమి తెలివి?

మైత్రి, ప్రమోదము, కారుణ్యము, మాధ్యస్థ్యము అను నాలుగు భావనలలో ప్రమోదము గుణాధికులను చూచి సంతోషించుట. ఆ గుణాధికుడు మన సంఘములోనివాడే కావలెనని సూత్రకారుడు షరతు పెట్టలేదు. పదునేడవ శతాబ్దములో ధర్మసాగరుని పక్షమువారు పరమతస్థుల సద్గుణములను మెచ్చుకొనరాదనగా, యశోవిజయ ఉపాధ్యాయుడు ధర్మపరీక్ష యను గ్రంథములో దానిని ఖండించి, మార్గమునకు అనుకూలమైన గుణము ఎవరియందున్నను అనుమోదింపవలెనని స్థాపించినాడు. నమోకార మంత్రమును తలచుకొనుడు. అందు ఏ ఒక్క తీర్థంకరుని పేరును లేదు. గుణములకే నమస్కారము.

పిల్లలకు ఈ నాలుగు మాటలు నేర్పుడు:

1. మోక్షమునకు కావలసినది రాగద్వేషముల నాశము. వేషమును బట్టియు, పుట్టుకను బట్టియు అది దొరకదు.

2. పరమతస్థుని మంచి మంచియే. దానిని చూచి సంతోషించుట మనకు పుణ్యము. చూచి అసూయపడుట, తక్కువచేయుట మనకు కర్మబంధము.

3. అందుచేత అన్ని దారులును ఒకటే యని అనరాదు. మనకు దొరికిన రత్నత్రయము విలువైనది. విలువ తెలిసినవాడు దానిని వాడుకొనును. వట్టినే పేటికలో పెట్టి పూజింపడు.

4. ప్రక్కింటివానికి మోక్షము వచ్చునా యను లెక్క కేవలులది. నా త్రాసు సరిగా నున్నదా యను లెక్క నాది.

ఎదుటివాని ఆవర్జా తిరుగవేయుట మనకు అధికారము లేని పని. మన చిట్టా మన చేతిలోనే యున్నది. దీపావళికి క్రొత్త పుస్తకములు తెరచునప్పుడు మొదటి పుటమీద లాభమని వ్రాయుటకు ముందు, న్యాయముగా సంపాదించెదమని మనస్సున వ్రాసికొందుము గాక.

జై జినేంద్ర!